కెమెరా రిపేరుకిచ్చే ముందు కాగితం అడగండి

పెళ్లిళ్ల సీజన్ ముగిసిన ప్రతిసారీ ఈ శీర్షిక నిర్వహించే న్యాయవాది టేబుల్ మీదికి ఒకే తరహా తగాదాలు వచ్చి పడుతున్నాయి. తెచ్చేవాళ్లు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఫొటోగ్రాఫర్లు. కెమెరా మీద ఫ్లాష్ తగిలించే హాట్ షూ లూజైంది, రిపేరుకిచ్చారు, తిరిగొచ్చేసరికి ఫ్లాష్ బిగుసుకుంది గానీ ఇంకేదో చెడిపోయింది. లేదంటే నెలలు గడిచినా కెమెరానే రాలేదు. "ఇచ్చినప్పుడు రసీదు తీసుకున్నారా?" అని న్యాయవాది అడిగితే వచ్చే జవాబు కూడా ఒకటే: "తెలిసిన షాపే గదా సార్, ఏం రాయించుకుంటం?"

వీళ్ల కేసులను ముంచుతున్నది సరిగ్గా ఆ ఒక్క మాటే.

తాజాగా వచ్చిన కేసు జనగామ ఫొటోగ్రాఫర్‌ది. కుటుంబానికి అతని కెమెరానే ఆధారం. ఒక బారాత్‌లో ఫ్లాష్ ఊగడం మొదలైంది, కొన్ని షాట్లకు వెలిగింది, కొన్నిటికి వెలగలేదు. మర్నాడే హైదరాబాద్‌లో ఒక రిపేరు షాపుకు పోయాడు. "నాలుగు స్క్రూల పని అన్నా, రేపు రా" అన్నారు. చీటీ అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. రేపు అన్నది మూడు వారాలైంది. చేతికొచ్చిన కెమెరాలో ఫ్లాష్ గట్టిగా కూర్చుంటోంది కానీ అసలు వెలగడం లేదు, పైనున్న చిన్న డిస్‌ప్లే కూడా చీకటైపోయింది. షాపువాళ్లు మాత్రం అది ముందు నుంచే అట్లనే ఉందన్నారు.

పని చిన్నదిగా కనబడటమే ఇక్కడ మోసం చేస్తుంది. చాలా డీఎస్ఎల్ఆర్ మోడళ్లలో హాట్ షూ పట్టాల కింద పలుచటి స్ప్రింగు రేకు, దాని కింద చిన్న స్క్రూలు ఉంటాయి. నాలుగు పెన్సిల్ సెల్లులతో కలిపి అర కిలో దాకా తూగే ఫ్లాష్‌ను తగిలించి, కెమెరాను భుజాన వేలాడేసుకుని గంటల తరబడి తిరిగితే ఆ స్క్రూలు వదులవుతాయి. మధ్యలో ఉన్న పెద్ద పాయింటు ఫ్లాష్‌ను వెలిగిస్తుంది, చుట్టూ ఉన్న చిన్న పాయింట్లు ఎంత వెలుగు కావాలో చెబుతాయి. బిగింపు వదులైతే ఈ పాయింట్లు ఫ్లాష్ అడుగున ఉన్న పాయింట్లకు సరిగా ఆనవు. కొన్నిసార్లు స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. కొన్నిసార్లు పై కవరు విప్పాల్సి వస్తుంది. ఆ కవరు కింద సన్నటి రిబ్బన్ వైర్లుంటాయి. లోపలే ఫ్లాష్ ఉన్న మోడళ్లలో వందల వోల్టులు నిలవ ఉండే కెపాసిటర్ కూడా ఉంటుంది, బ్యాటరీ తీసేసినా షాక్ కొట్టగలదు. కాబట్టి ఇంట్లో విప్పకుండా తెలిసినవాళ్లకివ్వడమే సరైన పని. ఇచ్చే పద్ధతి దగ్గరే తప్పు జరుగుతోంది.

రిపేరు కోసం వస్తువును అప్పగించగానే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం రంగంలోకి వస్తుంది. సెక్షన్ 151 ప్రకారం, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో షాపువాడు మీ కెమెరాను అలా చూసుకోవాలి. సెక్షన్ 161 ప్రకారం, తన తప్పు వల్ల సరైన సమయానికి తిరిగివ్వకపోతే అప్పటి నుంచి జరిగే నష్టానికి అతనే బాధ్యుడు. అయితే వస్తువు ఇచ్చినట్టు, ఇచ్చినప్పుడు ఎలా ఉందో, ఏ తేదీకి తిరిగిస్తామన్నారో ముందు మీరు చూపించాలి. కాగితం లేకపోతే చట్టం మీ పక్షాన ఉన్నా చేతికి అందదు.

కాగితం ఇవ్వకపోవడం షాపు చేసే తప్పు కూడా. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(47) ప్రకారం అమ్మిన వస్తువుకు గానీ, చేసిన సేవకు గానీ బిల్లు లేదా రసీదు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. అందుకే రసీదు అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

మహబూబాబాద్ నుంచి వచ్చిన మరో ఫొటోగ్రాఫర్ దగ్గర చీటీ ఉంది. దాని మీద "కెమెరా 1" అని మాత్రమే ఉంది. తిరిగొచ్చిన బాడీ తనది కాదని అతని అనుమానం. నిరూపించడం ఎలా? అలాంటి చీటీ ఉన్నా లేనట్టే. కంపెనీ, మోడల్, బాడీ అడుగున ఉండే సీరియల్ నంబర్, ఏం చెడింది, ఏది బాగా పనిచేస్తోంది, వెంట ఏమేం ఇచ్చారు, సుమారు ఖర్చు, తిరిగిచ్చే తేదీ, షాపు ముద్ర, సంతకం. ఇవన్నీ ఉంటేనే అది జాబ్ షీట్. సీరియల్ నంబర్ లేని రసీదు తీసుకుని బయటికి రావద్దు.

ఇప్పటికే తప్పు జరిగిపోయినవాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. చాలా మోడళ్లలో ప్రతి ఫొటో ఫైలులోనూ కెమెరా సీరియల్ నంబర్ దాగి ఉంటుంది, ఫ్లాష్ వెలిగిందో లేదో కూడా నమోదవుతుంది. జనగామ కేసులో ఇప్పుడు ఆసరా అదే. ముందు రాత్రి బారాత్ ఫొటోల అసలు ఫైళ్లు కార్డులో అలాగే ఉన్నాయి, ఫ్లాష్ లూజుగా ఉన్నా వెలిగేదని అవి చెబుతున్నాయి. అడ్వాన్సు ఫోన్‌పేలో కట్టిన తేదీ ఉంది. "రేపు ఇస్తం" అన్న వాట్సాప్ మెసేజీలున్నాయి. ఇలాంటి వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. మెసేజీలు తుడిపేసి స్క్రీన్‌షాట్లు మాత్రం పట్టుకొచ్చే క్లయింట్లు తమ కేసును తామే బలహీనం చేసుకుంటున్నారు. కోపంతో వెంటనే ఇంకో మెకానిక్ దగ్గర విప్పించేవాళ్లూ అంతే. ముందు ఫొటోలు, వీడియో తీసి, రెండో టెక్నీషియన్ చేత ఏం పాడైందో రాయించుకుని, ఆ తర్వాతే విప్పించాలి.

భూపాలపల్లి ఫొటోగ్రాఫర్ కథ వేరు. 2025 మే నెలలో కాళేశ్వరం సరస్వతి పుష్కరాల పనికి తొందరపడి, డెలివరీ పుస్తకంలో "సరిగా ఉంది, తీసుకున్నాను" అనే చోట పరీక్షించకుండానే సంతకం చేశాడు. అలా చేయకుండా, తీసుకునేటప్పుడు మీ ఫ్లాష్ తగిలించి షాపులోనే కొన్ని షాట్లు కొట్టాలి. తేడా ఉంటే ఆ సంతకం పక్కనే రాయాలి. న్యాయంగా రావాల్సిన రిపేరు చార్జీ కట్టేదాకా కెమెరాను అట్టిపెట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 కింద షాపుకు ఉంది. కాబట్టి చార్జీ కట్టి, అభ్యంతరాన్ని రాతలో నమోదు చేయించడమే మంచిది.

షాపు "మాకు కెమెరా ఇవ్వనే లేదు" అని బుకాయిస్తే? పోలీసు స్టేషన్‌కు పోయినవాళ్లను తరచూ "సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి" అని తిప్పి పంపుతున్నారు. ఫిర్యాదు చదవకుండానే ఆ మాట అనడం బాధ్యతను తప్పించుకోవడమే. నమ్మి అప్పగించిన వస్తువును దురుద్దేశంతో సొంతం చేసుకుంటే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద నేరం. స్టేషన్‌లో తీసుకోకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 173(4) ప్రకారం ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపవచ్చు. అక్కడ కూడా మొదట అడిగేది ఇచ్చినట్టు రుజువే.

వినియోగదారుల కమిషన్‌లో షాపు తరఫు వకీలు వేసే మొదటి ఎత్తు ఇది: "ఇతను వ్యాపారి, వినియోగదారుడు కాడు." దీనికి ఫిర్యాదులోనే జవాబు ఉండాలి. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని వాడే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని చట్టం చెబుతోంది. పారామౌంట్ డిజిటల్ కలర్ ల్యాబ్ వర్సెస్ ఆగ్ఫా ఇండియా కేసులో 2018లో సుప్రీంకోర్టు, ఉపాధి కోసం ఫొటో ల్యాబ్ పెట్టుకుని యంత్రం కొన్నవాళ్లను వినియోగదారులుగానే గుర్తించింది. అయితే ఒక చిక్కుంది. పాత వినియోగదారుల చట్టంలోని ఈ మినహాయింపులో వస్తువులతో పాటు సేవలు కూడా ఉండేవి, 2019 చట్టంలో వస్తువుల ప్రస్తావనే మిగిలింది. రిపేరు అనేది సేవ. అందుకే కెమెరా కొన్న బిల్లు, తానే స్వయంగా ఫొటోలు తీస్తున్న ఆధారాలు పెట్టి, ఇది ఇల్లు గడవడానికే తప్ప పెద్ద లాభాల వ్యాపారం కాదని మొదటి పేరాల్లోనే స్పష్టంగా రాయించాలి. జనగామ ఫిర్యాదులో అలాగే రాశారు. అది ఇప్పుడు కమిషన్ ముందుంది.

షాపు హైదరాబాద్‌లో ఉందని అక్కడికే పోనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే లేదా స్వయంగా పనిచేసుకునే చోటే కేసు వేయవచ్చు. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడినా, వాళ్ల ఫిర్యాదులకు వేదిక వరంగల్ జిల్లా కమిషనే. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయవచ్చు. అంతకంటే ముందు 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ షాపుతో మాట్లాడే ప్రయత్నం చేస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, దాని నంబర్ 15100.

కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. "రేపు, ఎల్లుండి" అనే షాపు మాటలు నమ్మి ఆ గడువు పోగొట్టుకోవద్దు. ఈ వారం కెమెరా రిపేరుకిచ్చే ఆలోచన ఉన్నవాళ్లు ముందు దాని అడుగున ఉన్న సీరియల్ నంబర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. షాపులో ఆ నంబర్ రాసిన రసీదు చేతికి వచ్చాకే కెమెరా ఇవ్వండి. రసీదు ఇవ్వనంటే కెమెరా తీసుకుని ఇంకో షాపుకు పోండి.