నెలలు నిండని శిశువు – ఊపిరితిత్తుల చిత్రణము

ఏడవ నెలలో పుట్టిన బిడ్డ దక్కుననియు, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ దక్కదనియు మన పల్లెలలో ఒక నమ్మకము తరతరాలుగా కలదు. భద్రాచలము అడవి అంచు గ్రామములనుండి వచ్చు మా విద్యార్థులును దీని నెరిగియుందురు. ఇది వట్టి మాటగా మిగిలినచో చింత లేదు. కాని ఎనిమిదవ నెల బిడ్డపై ఆశ వదలుకొని ఆసుపత్రికి కొనిపోవుట ఆలస్యము చేసినచో ఒక ప్రాణము పోవును. మేము వైద్యులము కాము, భాషాధ్యాపకులము. అయినను వైద్యశాస్త్రము చిత్రముల ద్వారా చూచిన సత్యమును ఇచ్చట వివరింప దలచితిమి.

కొలిమిలో గాలి నూదు తోలుసంచిని మనము తిత్తి యందుము. ఊపిరితిత్తి యను పేరులో ఆ తిత్తియే కలదు. అయితే ఇది ఒక్క సంచి కాదు, కోట్లాది గాలిగదుల సముదాయము. గర్భమున సుమారు 16వ వారమునుండి 26వ వారము వరకు సన్నని గొట్టములును, వాని చుట్టు రక్తనాళములును ఏర్పడును. 24వ వారము మొదలు పలుచని గోడలుగల సంచులు పుట్టును. 36వ వారము ప్రాంతమున అసలు గాలిగదులు రూపొందసాగి, పుట్టిన పిదప కూడ కొన్ని సంవత్సరములు పెరుగును. ఈ గదులు ముడుచుకొనిపోకుండ కాపాడు జిడ్డు పదార్థమే సర్ఫాక్టెంట్. నెలలు నిండని బిడ్డకు ఇది చాలదని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపిరి.

1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కుమారుడు ఐదు వారములకు పైగా ముందు పుట్టి, ఈ శ్వాసవ్యాధితోనే రెండు దినములకు మరణించెను. ఇంచుమించు అతడు ఎనిమిదవ నెల బిడ్డయే. అయితే దోషము నెలది కాదు; నాడు దీనికి మందు లేదు. 1980లో జపానుకు చెందిన ఫుజివారా బృందము సర్ఫాక్టెంటును శిశువుల ఊపిరితిత్తులలోనికి పంపి మేలు కలుగుట చూపెను.

ఇక చిత్రముల సంగతి. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్-రేలో ఇట్టి బిడ్డ ఊపిరితిత్తులు గరుకుటద్దమువలె మసకగాను, నడుమ గాలిగొట్టములు నల్లని కొమ్మలవలెను కనబడును. కాని కిరణములను మాటిమాటికి ప్రయోగించుట మంచిది కాదు. ఎం.ఆర్.ఐ. కిరణములు లేకుండనే లోపలి నిర్మాణమును చూపును. అయితే బిడ్డను యంత్రము కడకు కొనిపోవలెను. అల్ట్రాసౌండుకు ఈ రెండు చిక్కులును లేవు. ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తిలోని గాలి ధ్వనిని అంచుననే మరలించును. తెరపై అడ్డగీతలు తోచును. గాలి తగ్గి ద్రవము హెచ్చినచో నిలువుగీతలు పుట్టును. అవి కలిసి తెర తెల్లబడినచో వ్యాధి ముదిరినదని గుర్తు. దినదినము చూచి, తిత్తి కోలుకొనుచున్నదో లేదో వైద్యులు గ్రహింపగలరు.

ఈ పరిశీలనల సారమొక్కటే. గర్భమున గడచిన ప్రతి వారమును ఊపిరితిత్తికి బలమే. ఎనిమిదవ నెల బిడ్డకు ఏడవ నెల బిడ్డకంటె అవకాశము హెచ్చేగాని తక్కువ కాదు.

చర్ల, దుమ్ముగూడెము ప్రాంతములవారు ముందు భద్రాచలము చేరవలెను. అచ్చటినుండి గోదావరి వంతెన దాటి ఖమ్మము వచ్చుటకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము. దారిలో పసికందు చల్లబడుటయే పెద్ద ప్రమాదము. కనుక బిడ్డ యంత్రము కడకు పోవుటకంటె, చేత మోయదగిన యంత్రము ఉయ్యాల కడకు వచ్చుట మేలు. లింగనిర్ధారణను నిషేధించు 1994 నాటి చట్టము ననుసరించి అట్టి యంత్రమును నమోదు చేయవలెను. ఆ నియమము ఆడశిశువుల రక్షణకే గనుక దానిని భారముగా తలపరాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! సెలవులలో ఇండ్లకు పోయినపుడు ఈ మాట చెప్పుడు. నెలలు నిండకముందే నొప్పులు వచ్చినచో తల్లిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. కాన్పుకు ముందు తల్లికి ఇచ్చు స్టిరాయిడ్ సూది బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా పక్వపరచునని 1972లోనే లిగ్గిన్స్, హౌవీ చూపిరి. పుట్టిన బిడ్డను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచి వెచ్చగా కాపాడవలెను. మీలో కొందరు రేపు ఆ చిత్రములను తీయు సాంకేతికులుగా, చదువు వైద్యులుగా ఈ అడవి అంచునకే తిరిగి రావలెనని మా కోరిక.