క్రెడిట్ కార్డుల బహుమానములు - మగ్గము లెక్క

ఈ మధ్య మా సంఘము ఆఫీసుకు వచ్చు సభ్యులు చాలామంది ఒకే ప్రశ్న అడుగుచున్నారు. "సెక్రటరీ సాబ్, బ్యాంకువాళ్ళు చిన్న వ్యాపారస్తుల కార్డు ఇస్తామంటున్నారు. ఒకరు నూటికి రూపాయి వెనక్కి ఇస్తామంటారు, ఒకరు పాయింట్లంటారు, ఇంకొకరు విమానాశ్రయంలో ఉచిత భోజనమంటారు. ఏది తీసుకోమంటారు?" అని. ధన్నూర నుండి విమానమెక్కి నూలు కొనబోవు వారెవరును మాకు తెలియరు గనుక ఆ మూడవదానిని విడిచిపెట్టి, మిగిలిన రెండింటిని లెక్క వేసి చూతము.

ముందుగా ఒక మాట. మనము ఇంట తెలుగు మాట్లాడుదుము గాని చదువు కన్నడములో సాగినది. పెద్దవారిలో కొందరికి ఉర్దూ వచ్చును, కొందరికి ఏ అక్షరమును రాదు. కార్డు కాగితములు కన్నడములోను, ఇంగ్లీషులోను చీమ తలకాయలంత అక్షరములతో ఉండును. అందుచేత ఏజెంటు నోటితో చెప్పినదే షరతు అనుకొని సంతకము పెట్టుచున్నారు. ఏజెంటు పాయింట్లను గూర్చి చెప్పును. రోజులను గూర్చి చెప్పడు. మనకు కావలసినది రోజుల సంగతి.

కార్డుకు నెలకొక బిల్లు తేదీ ఉండును. బిల్లు వచ్చిన తరువాత సాధారణముగా 20 రోజుల లోపల సొమ్ము కట్టవలెను. బిల్లు తేదీ ప్రతి నెల 5 అనుకొనుడు. ఆగస్టు 6వ తేదీన నూలు కొన్నచో అది సెప్టెంబరు 5 నాటి బిల్లులో ఎక్కును. కట్టవలసిన గడువు సెప్టెంబరు 25. అనగా 50 రోజులు వడ్డీ లేని అరువు. అదే నూలు ఆగస్టు 4న కొన్నచో మరునాటి బిల్లులోనే ఎక్కి, ఆగస్టు 25కే కట్టవలసి వచ్చును. 21 రోజులు మాత్రమే. రెండు రోజులు ఆగినందుకు 29 రోజులు కలిసివచ్చినవి. ఏ కార్డు బహుమానమును ఇంత విలువ చేయదు. కాని ఈ సంగతి ఏ కరపత్రములోను పెద్ద అక్షరములతో కనబడదు.

ఇక మన మగ్గము రోజులు చూడుడు. పడుగు తయారు చేసి, గంజి పెట్టి, అచ్చుకు అతికి మగ్గమెక్కించుటకు వారము. ఆ పడుగు నేసి దింపుటకు నాలుగు వారములు, ఇంట జ్వరమో పెండ్లియో వచ్చినచో ఐదు. సరుకు దుకాణము చేరునప్పటికే దాదాపు 40 రోజులు గడచును. దుకాణదారు అదే రోజు డబ్బు లెక్కపెట్టి ఇచ్చునా? దసరాకు ఇచ్చిన చీరలకు సంక్రాంతికి డబ్బు వచ్చుట మనకు కొత్త గాదు. కార్డు గడువు 50 రోజులు, మన సొమ్ము తిరిగి వచ్చుటకు 100 నుండి 130 రోజులు. చిక్కంతయు ఈ రెండు అంకెల నడుమ ఉన్నది.

మా సంఘములోని ఒక సభ్యుడు బిల్లులు పట్టుకొని వచ్చినాడు. ఆయన అనుమతితో, పేరు లేకుండ, ఆ లెక్క ఇక్కడ ఇచ్చుచున్నాము. ఆయన ఆగస్టు 6న నూలు, రంగులు, జరీ కలిపి రూ. 20,000 సరుకు కార్డు మీద కొన్నాడు. నూరు రూపాయలకు ఒక పాయింటు చొప్పున 200 పాయింట్లు వచ్చినవి. పాయింటు విలువ పావలా. అనగా 50 రూపాయల బహుమానము. సెప్టెంబరు 25 నాటికి దుకాణము నుండి డబ్బు రాలేదు. బిల్లు మీద "కనీసము కట్టవలసినది రూ. 1,000" అని ఉన్నది. అది కట్టిన చాలునని అనుకొని, గడువు తప్పకుండ కట్టి, నిశ్చింతగా ఉన్నాడు.

అక్టోబరు 5న బిల్లు వచ్చినది. ఆ కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతము, ఏటికి 42 శాతము. కనీసపు మొత్తము మాత్రమే కట్టిన వానికి వడ్డీ లేని 50 రోజులు రద్దగును. వడ్డీ కొన్న తేదీ నుండి వేయుదురు. కాబట్టి రూ. 20,000 మీద 50 రోజులకు రూ. 1,151, మిగిలిన రూ. 19,000 మీద 10 రోజులకు రూ. 219, ఆ వడ్డీ మీద 18 శాతము జి.యస్.టి. రూ. 246 పైచిలుకు. అంతయు కలిపి రూ. 1,616. వెయ్యి రూపాయలు కట్టిన తరువాత అప్పు రూ. 20,616 అయినది! ఆయన బ్యాంకువారే లెక్క తప్పినారనుకొని మా వద్దకు వచ్చినాడు. మేము రెండు సార్లు కూడి చూచితిమి. లెక్క తప్పలేదు.

ఇంకొక సంగతి. పాత బాకీ పూర్తిగా తీరువరకు, ఆ కార్డు మీద కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని రోజులు ఉండవు. ఆయన ఆ నెలలో ఇంటి మందులు అదే కార్డు మీద తెచ్చినాడు. వానికిని మొదటి రోజు నుండే వడ్డీ పడినది.

మన పెద్దలు షావుకారు వద్ద నూలు అరువు తెచ్చుకొను రోజులలో, దసరాకు షావుకారు పంచె, రవికగుడ్డ పెట్టెడివాడు. దానికి ఎవరు డబ్బు ఇచ్చినారో మన తాతలకు తెలియనిది కాదు. మజూరీలో తెగిన అణాలే పంచెగా తిరిగి వచ్చెడివి. పాయింట్లును అటువంటివే.

ఇపుడు బహుమానములనే ఒకదానితో ఒకటి పోల్చుదము. ఏటా రూ. 500 రుసుము గల కార్డుకు జి.యస్.టి. తో రూ. 590 అగును. నూటికి పావలా ఇచ్చు కార్డు అయినచో ఆ రుసుము తిరిగి వచ్చుటకే ఏడాదిలో రూ. 2,36,000 సరుకు కొనవలెను. నూటికి రూపాయి ఇచ్చు కార్డు అయినచో రూ. 59,000 చాలును. కావున తీసికొనువారు రుసుము లేనిదియు, పాయింట్లుగా గాక రూపాయలుగా తిరిగి ఇచ్చునదియు అయిన కార్డు చూచుకొనుట మేలు. చాలా పాయింట్లకు గడువు ఉండును; వాడుకొననిచో పోవును. పెట్రోలు, ఇంటి అద్దె వంటి ఖర్చులకు చాలా కార్డులు పాయింట్లు ఇయ్యవు. అన్నిటికంటె ముఖ్యము, నూలు దుకాణములో కార్డు గీకినచో నూటికి రెండు రూపాయలు ఎక్కువ అడుగువారున్నారు. రూ. 20,000కు అది రూ. 400. నూటికి రూపాయి చొప్పున వచ్చినది రూ. 200. బేరము చేయునపుడు రొక్కము ధర ఎంత, కార్డు ధర ఎంత అని రెండును అడిగి తెలిసికొనవలెను.

కార్డు మీద ఏ.టి.యం.లో నగదు తీయుటను మేము పూర్తిగా వద్దందుము. కండెలు చుట్టువారికి కూలి ఇచ్చుటకు ఒకరు రూ. 10,000 తీసినారు. తీసిన రుసుము రూ. 500, దానిపై పన్ను రూ. 90. నగదుకు వడ్డీ లేని రోజు ఒక్కటియు లేదు గనుక నెల రోజుల వడ్డీ రూ. 345, దానిపై పన్ను రూ. 62. నెల తిరుగునప్పటికి దాదాపు వెయ్యి రూపాయలు పోయినవి.

వడ్డీ నూటికి 30కి మించరాదని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పిన మాట నిజమే. కొందరు సభ్యులు ఇప్పటికిని అది చెప్పుచున్నారు. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టివేసినది. ఆ పరిమితిని నమ్ముకొని కార్డు తీసికొనరాదు.

మరి నూలుకు పెట్టుబడి ఎట్లు? నేతపనివారి ముద్ర ఋణమని ఒకటి కలదు. దీని కార్డు చూచుటకు క్రెడిట్ కార్డు వలె ఉండును గాని, నిజమునకు అది మన క్యాష్ క్రెడిట్ ఖాతాకు తగిలించిన రూపే డెబిట్ కార్డు. జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమము క్రింద వడ్డీలో కొంత కేంద్ర ప్రభుత్వము భరించి, నేతగానికి 6 శాతము పడునట్లు మూడేండ్ల వరకు ఏర్పాటు చేసినారు. ఋణములో 20 శాతము, రూ. 25,000 మించకుండ, మార్జిను సొమ్ము సాయము కూడ కలదు. ఆ కార్యక్రమము 2021-22 నుండి 2025-26 వరకు మంజూరైనది గనుక, దరఖాస్తు పెట్టునపుడు ఈ యేటి ఉత్తర్వు ఏమని ఉన్నదో బ్యాంకులో ముందుగా అడుగవలెను. రూ. 20,000 సరుకుకు 90 రోజుల వడ్డీ 6 శాతము చొప్పున రూ. 296. అదే కార్డు మీద 42 శాతము చొప్పున, పన్నుతో, రూ. 2,444. ముద్రలో పాయింట్లు లేవు, విమానాశ్రయ భోజనము లేదు. తిరుగుడు మాత్రము ఉన్నది. నేత గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకము పట్టుకొని నాలుగైదు సార్లు పోవలసి వచ్చును. క్రెడిట్ కార్డు ఇంటికి వచ్చి ఇత్తురు, ముద్రకు మనము పోవలెను. అందుకే మనవారు మొదటిదానికి లోబడుచున్నారు. ఈ విషయములో సంఘములు చేయవలసిన సాయము చేయలేదని మేము ఒప్పుకొనుచున్నాము.

పి.యం. విశ్వకర్మ పథకములో 5 శాతమునకు ఋణము ఇచ్చుచున్నారు గదా అని అడుగువారికి: 2023లో మొదలైన ఆ పథకపు 18 వృత్తులలో దర్జీ ఉన్నాడు, చేపల వల అల్లువాడు ఉన్నాడు, మగ్గము నేయువాడు లేడు. ఇక 2025 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెటులో, ఉద్యమ్ పోర్టలులో నమోదైన సూక్ష్మ పరిశ్రమలకు రూ. 5 లక్షల పరిమితి గల క్రెడిట్ కార్డులు ప్రకటించినారు. అది ఇత్తుమని ఎవరైన వచ్చినచో పరిమితి ఎంత అని గాక, వడ్డీ ఎంత, అది ఏ రోజు నుండి అని అడుగుడు.

ఆ ఉద్యమ్ నమోదు మాత్రము అందరును చేసికొనవలెను. రుసుము లేదు. 2006 నాటి చట్టము ప్రకారము, నమోదైన సూక్ష్మ ఉత్పత్తిదారుని వద్ద సరుకు తీసికొన్నవాడు వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నచో ఎక్కువలో ఎక్కువ 45 రోజులలో, ఒప్పందము లేనిచో 15 రోజులలో డబ్బు ఇయ్యవలెను. 2024 ఏప్రిల్ 1 నుండి, ఆ గడువులో ఇయ్యని సొమ్మును దుకాణదారు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకొనుటకు, నిజముగా చెల్లించిన సంవత్సరము వరకు వీలు లేకుండ చేసినారు. గట్టిగా అడిగినచో మరుసటి సారి సరుకు తీసికొనడను భయము మనకున్నది, అది ఉత్త భయము గాదు. అయినను బిల్లు మీద ఉద్యమ్ నంబరు, తేదీ వేసి ఇచ్చుటకు ఎవరితోను తగవు పడనక్కరలేదు గదా. డబ్బు 45 రోజులలో వచ్చిననాడు ముద్ర వడ్డీ ఆ మేరకు తగ్గును.

అట్లయిన కార్డు ఎవరికిని పనికిరాదా? మాకు అట్లు తోచదు. ప్రదర్శనలలో చేతికి చేయి డబ్బుకు అమ్ముకొనువారు, అమ్మకపు సొమ్ము గడువుకు ముందే చేతనున్నవారు, బిల్లు మొత్తము కట్టగలరు. వారికి 50 రోజులు ఉచితపు అరువే, నూటికి రూపాయి లాభమే. బిల్లు తేదీ మరునాడు కొనుట, బ్యాంకు ఖాతా నుండి మొత్తము బిల్లు దానంతట అదే కట్టుబడునట్లు వ్రాసి ఇచ్చుట, ఈ రెండును చేసికొన్న చాలును. దుకాణము మీద, షావుకారు మీద ఆధారపడి నేయువారికి మాత్రము అది తగదని మా అభిప్రాయము. కార్డు బాకీ ఆలస్యమైనచో సిబిల్ లెక్కలో చేరును. రేపు ముద్ర ఋణము తిరిగి వ్రాయించుకొనునపుడు, ఇల్లు కట్టుకొను అప్పు అడిగినపుడు అది అడ్డు వచ్చును. పైన చెప్పిన సభ్యునికి అట్లే జరిగినది. మగ్గము మీద పడుగు లేక ఆయన భార్య రెండు నెలలు కూలికి పోయినది.

అడుగకుండ పంపిన కార్డును ఎవరును తీసికొననక్కర లేదు. 2022 జూలై నుండి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము అడుగని కార్డు ఇచ్చుట నిషిద్ధము. బాకీ లేని కార్డును మూసివేయుమని కోరినచో ఏడు పనిదినములలో మూయవలెను. ఆలస్యమునకు రోజుకు రూ. 500 చొప్పున మనకే ఇచ్చుకొనవలెను. కోరిక వ్రాతమూలకముగా పెట్టి నకలు దాచుకొనుడు.

కార్డు బిల్లు ఉన్నవారు దానిని, దుకాణముల బాకీ చీటీలను కలిపి సంఘము ఆఫీసుకు తెచ్చినచో, ఏది ముందు తీర్చవలెనో కూర్చుండి లెక్క వేసి చూపగలము. ఆడవారు కూడ రావచ్చును. చాల ఇండ్లలో బిల్లు కాగితము ఎక్కడున్నదో వారికే తెలియును.