సంస్కరణమా? పరిత్యాగమా?

మానవులు మాట్లాడే భాషలకే గాక, కంప్యూటరుకు ఆదేశాలిచ్చే భాషలకు కూడా బాల్యం, యౌవనం, వార్ధక్యం ఉంటాయి. వార్ధక్యదశకు చేరిన భాషను సంస్కరించి వాడుకోవాలా, విడిచి కొత్తదానిని చేపట్టాలా అనే ప్రశ్నకు కోల్డ్‌ఫ్యూజన్ చరిత్ర చక్కని ఉదాహరణ.

అమెరికాలో అలైర్ సోదరుల సంస్థ 1995లో కోల్డ్‌ఫ్యూజన్‌ను వెలువరించింది. వెబ్ పేజీలను రాసే హెచ్.టి.ఎం.ఎల్.లో ఆదేశాలు ట్యాగుల రూపంలో ఉంటాయి. కోల్డ్‌ఫ్యూజన్ కూడా ఆ పద్ధతినే అనుసరించింది. డేటాబేస్ నుండి వివరాలు తేవడానికి ఒక ట్యాగు, వాటిని పేజీపై చూపడానికి మరొక ట్యాగు చాలు. అందువల్ల ప్రోగ్రామింగులో లోతైన శిక్షణ లేనివారు సైతం దానిని సులభంగా నేర్చుకోగలిగారు.

అయితే ఆ సౌలభ్యమే కాలక్రమంలో లోపంగా పరిణమించింది. చిన్న పేజీలకు చాలిన ట్యాగులు పెద్ద ప్రోగ్రాములకు భారమైనాయి. పేజీ రూపాన్ని నిర్ణయించే భాగమూ, పనిని నడిపే తర్కమూ కలగలిసిపోయి, తప్పులను వెదకడం కష్టమైంది. పి.హెచ్.పి., జావా వంటి భాషలు పోటీగా నిలిచాయి.

2001లో అలైర్ సంస్థను సొంతం చేసుకున్న మాక్రోమీడియా సంస్కరణ మార్గాన్ని ఎంచుకొంది. 2002లో ట్యాగులను నిలిపి, వాటిని నడిపించే లోపలి యంత్రాంగాన్ని జావాలో పూర్తిగా తిరిగి రాయించింది. నివసించేవారిని ఖాళీ చేయించకుండా ఇంటి పునాదిని మార్చడం వంటిదే ఈ కార్యం. 2005లో మాక్రోమీడియా అడోబ్ సంస్థలో విలీనమైంది. 2009లో వచ్చిన తొమ్మిదవ వెర్షన్‌లో, ప్రోగ్రాములోని ప్రధాన భాగాలను ట్యాగులు లేకుండా స్క్రిప్టు పద్ధతిలోనే రాసే వీలు కలిగింది. పాత పద్ధతి మాత్రం తొలగలేదు.

పరిత్యాగ మార్గాన్ని అనుసరించినవారూ ఉన్నారు. 2003లో కోల్డ్‌ఫ్యూజన్‌తో ఆరంభమైన మైస్పేస్, వాడుకరులు విపరీతంగా పెరగడంతో క్రమంగా మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌కు మారింది.

ఈ రెండు మార్గాలకూ మూల్యం ఉంది. సంస్కరిస్తే పాత బరువును మోయక తప్పదు. కొత్తగా నేర్చుకొనేవారు కూడా అరుదవుతారు. విడిచిపెడితే, ఏళ్ల తరబడి పరీక్షకు నిలిచిన ప్రోగ్రాములను తిరిగి రాయాలి. వాటిలో నిక్షిప్తమైన అనుభవం జారిపోవచ్చు. కాబట్టి భాష వయస్సును గాక, దానిపై ఆధారపడినవారెందరో, రేపు దానిని నిర్వహించగలవారెందరో చూచి నిర్ణయించడమే వివేకం.

ప్రశ్నలు
1. కోల్డ్‌ఫ్యూజన్‌లోని సౌలభ్యం లోపంగా ఎట్లా మారింది?
2. సంస్కరణ, పరిత్యాగ మార్గాలలోని లాభనష్టాలను చర్చించండి.