పెట్టె మీద 1935 ఉంటే పాతదేనా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఒక గరాజ్ సేల్‌లో 5 డాలర్లకు మోనోపలీ పెట్టె కొన్నాను. దాని మీద 1935 అని ఉంది. అంత పాతదేనా? మంచి ధర వస్తుందా?

జవాబు: ఆ అంకె చూసి అప్పుడే మురిసిపోకండమ్మా. 1935 పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఈ ఆటను మార్కెట్లోకి తెచ్చిన ఏడాది. తర్వాత దశాబ్దాల పాటు తయారైన పెట్టెల మీదా అదే అచ్చేశారు. లక్షల్లో అమ్ముడైన సరుకు కనుక చాలావాటికి పెద్ద ధరేమీ రాదు.

అసలు వయసు కంపెనీ చిరునామాలో దాక్కుని ఉంటుంది. అమెరికాలో జిప్ కోడ్ 1963లో వచ్చింది. చిరునామా చివర ఐదంకెలుంటే మీ పెట్టె అంతకు ముందుది కాదు. లేకపోతే కొంచెం ఆశ పెట్టుకోవచ్చు. పావులు లోహానివి కాక చెక్కవైతే మాత్రం నాకూ ఆసక్తే, రెండో ప్రపంచ యుద్ధకాలపు సెట్టు కావచ్చు. అప్పట్లో లోహమంతా యుద్ధానికే పోయేది.

సెట్టు పూర్తిగా ఉందో లేదో తెలియడానికి ఇళ్లు 32, హోటళ్లు 12, ఆస్తి పత్రాలు 28 ఉన్నాయా లెక్కపెట్టండి. ఇకమీదట కొనేముందు మూత తీసి వాసన చూడండి. (అమ్మేవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.) బూజు వాసన వస్తే ఊరికే ఇచ్చినా నేను తీసుకోను. పక్క పెట్టెలకూ అంటుకుంటుంది. చిరిగిన మూలలకు సెల్లోటేపు వేయకండి, జిగురు పసుపెక్కి అట్టను తినేస్తుంది.