తలుపు గడియ పదేపదే చూస్తున్నారు

ప్రశ్న: మావారు రాత్రిళ్లు తలుపు గడియ, గ్యాస్ పదేపదే చూసొస్తారు. ‘వేసే ఉంది’ అని నేనెంత చెప్పినా నిద్రపోరు. డాక్టర్ దగ్గరికెళదామంటే ‘నాకేమైనా పిచ్చా?’ అంటున్నారు. – ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: పిచ్చి కాదమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఓసీడీ అనే మానసిక సమస్య లక్షణాల్లా ఉన్నాయి. నిర్ధారణ మాత్రం ఆయనతో మాట్లాడాకే. గడియ వేశానా అన్న అనుమానం రాగానే గుండె దడ మొదలవుతుంది. చూసొస్తే తగ్గుతుంది. ఆ కాసేపటి ఊరటే చిక్కు. చూడబట్టే ప్రమాదం తప్పిందని మెదడు నేర్చుకుని, మర్నాడు అదే అనుమానాన్ని మరింత గట్టిగా లేపుతుంది. మీరు ప్రేమతో చెప్పే ‘వేసే ఉంది’ కూడా అదే పని చేస్తుంది.

1966లో లండన్‌లో మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ దీనికి ఎదురుదారి చూపారు. ఒక్కసారే చూసి, మళ్లీ లేవకుండా ఆ ఆందోళనను భరించడం. అది తనంతట తానే తగ్గుతుందని మనిషికి అనుభవంలోకి రావాలి. నిపుణుల తోడుతో మెల్లమెల్లగా చేయాల్సిన సాధన ఇది. అవసరమైతే సైకియాట్రిస్టు మందులూ ఇస్తారు. తిట్టడం, వెక్కిరించడం అసలే వద్దు.

ఆయన రానంటే ముందు మీరే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.