క్విల్టు రూలర్లు: పట్టుకున్న చెయ్యి జాగ్రత్త

మా అమ్మమ్మ బొంత కుట్టేటప్పుడు రూలరన్న మాటే లేదు. పాత నేతచీరలు పొరలుగా పరిచి, అంచులు సరిచేసి, పెద్ద సూదితో బారెడు కుట్లు వేసుకుంటూ పోయేది. అమెరికా వాళ్ల క్విల్టు వేరు. త్రికోణాలు, షడ్భుజాలు ఒక్క నూలు తేడా లేకుండా కోసి, పావు అంగుళం మార్జిన్‌తో అతకాలి. టెక్సస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్న ఆర్నెల్లలో ఆ పని నేర్చుకున్నాను. ఎడమ చూపుడువేలి గోరు కొస కూడా అక్కడే పోగొట్టుకున్నాను.

1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా కంపెనీ రోటరీ కట్టర్‌ను తెచ్చింది. పిడికి తగిలించిన గుండ్రటి బ్లేడు అది. దాని పక్కన ఆనించి పట్టడానికే ఈ మందపాటి అక్రిలిక్ రూలర్లు. మనకు అలవాటైన కత్తిపీట మీద కత్తి కదలదు, కాయ కదులుతుంది, చూపు వేళ్ల మీదే ఉంటుంది. ఇక్కడ కత్తి పరుగెడుతుంది, చూపు గీత వెంట పోతుంది. రూలరు పట్టిన చేతిని చూసేవాళ్లుండరు. తెగేది అదే.

చేయవలసినవి

మొదట కోతకు కింద పరిచే ఖాళీ మ్యాట్ మీద, బట్ట లేకుండా, బ్లేడు మూసి ఉంచి రూలరు పట్టడం సాధన చేయండి. అరచెయ్యి బోర్లా పరచకండి. వేళ్ల కొసలు మాత్రం ఆనించి చేతిని గుడారంలా నిలపండి. చిటికెన వేలిని రూలరు అవతలి అంచు దాటించి మ్యాట్ మీద ఆనిస్తే రూలరు పక్కకు జరగదు. కోసే అంచుకు వేళ్లు కనీసం అంగుళం దూరంలో ఉండాలి.

24 అంగుళాల పొడవు రూలరు వెంట ఒక్క ఊపున కోయబోతే అది పైకొస దగ్గర తప్పకుండా జారుతుంది. మీ చెయ్యి ఉన్నంతమేర కోసి ఆపండి. బ్లేడు బట్టలోంచి తీయకుండానే, పట్టిన వేళ్లను ఒక్కొక్కటిగా పైకి నడిపించి మళ్లీ సాగించండి. నా గోరు పోయింది ఈ ఆపడం దగ్గర బద్ధకించినందుకే.

60 డిగ్రీల త్రికోణం రూలరు ఇంకా గడుసుది. లెక్క తేలికే: కొస తుంచి ఉన్న రకమైతే, కుట్టాక రావలసిన ఎత్తుకు అరంగుళం కలిపి పట్టీ కోసుకుంటే చాలు. చిక్కంతా రెండో పక్క కోతలో ఉంది. కుడి ఏటవాలు కోశాక, ఎడమ ఏటవాలు కోసం చేతులు ఒకదాని మీదుగా ఒకటి వేస్తాం, లేదంటే బ్లేడును మనవైపు లాగుతాం. రెండూ ప్రమాదమే. మ్యాట్‌నే తిప్పుకోండి. బ్లేడు ఎప్పుడూ మీ ఒంటికి దూరంగా పోవాలి.

వంపు రూలర్లకు 45 మిల్లీమీటర్ల బ్లేడు పెద్దది, మలుపులో ఒరుసుకుంటుంది. 28 మిల్లీమీటర్లది వాడండి. రూలరు అడుగున ఉప్పుకాగితం చుక్కలు నాలుగు అంటిస్తే పట్టు దొరుకుతుంది. పల్చటి మల్లుబట్టకు గంజి పెట్టి ఇస్త్రీ చేసి కోయండి, అది జారదు. (ఇది మాత్రం నేనే వాళ్లకు నేర్పానని అమ్మాయి స్నేహితురాళ్లు ఒప్పుకుంటారు.) బ్లేడుకు తెగని గ్లవుజు దొరికితే పట్టే చేతికి తొడగండి.

నిలబడి కోయండి. నేల మీద మఠం వేసుకుని కూర్చుంటే రూలరు మీద బరువు నిటారుగా పడదు.

చేయకూడనివి

టైలరు దగ్గరుండే స్టీలు స్కేలు ఆనించి కోయకండి. అది పల్చన, బ్లేడు దానిమీదికి ఎక్కి నేరుగా వేళ్ల మీదికొస్తుంది. పైగా బ్లేడు మొద్దుబారుతుంది.

మొద్దు బ్లేడుతో నెట్టుకురాకండి. మొద్దైనకొద్దీ గట్టిగా నొక్కుతాం, నొక్కినకొద్దీ రూలరు జరుగుతుంది. 45 మిల్లీమీటర్ల బ్లేడుతో కోసిన గీతలో సుమారు ఐదున్నర అంగుళాలకొకసారి రెండు పోగులు తెగకుండా మిగులుతుంటే, బ్లేడు అంచున చిన్న నొక్కు పడిందన్నమాట. ఒక చుట్టుకు ఒకసారి ఆ నొక్కు బట్టను తాకుతోంది. ఎక్కడో గుండుసూది మీదుగా పోనిచ్చి ఉంటారు. మార్చేయండి.

నాలుగు పొరలు మించి పేర్చకండి. మ్యాట్ మీద ఇస్త్రీ చేయకండి, ఎండలో కారులో వదలకండి. వేడికి వంకరపోయిన మ్యాట్ మీద రూలరు ఊగుతుంది.

ఫోను మోగిందని తెరిచిన బ్లేడు బల్ల మీద పెట్టి వెళ్లకండి. ప్రతి కోతకూ మూయడం విసుగే. ఇంట్లో పిల్లలుంటే ఆ విసుగు పడాల్సిందే. జారిపడే కట్టర్‌ను పట్టుకోబోకండి, పడనివ్వండి.

వేలు తెగితే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. లోతుగా తెగితే డాక్టరు దగ్గరకు వెళ్లండి, టెటనస్ ఇంజెక్షను సంగతి అడగండి.

తీసేసిన బ్లేడ్లు చెత్తబుట్టలో ఊరికే వేయకండి, ఆ సంచీ ఎత్తేది ఇంకొకరి చెయ్యి. నేను పాత బిస్కెట్ల డబ్బాలో వేసి, మూతకు టేపు చుట్టి, పైన ‘బ్లేడ్లు’ అని పెద్దక్షరాలతో రాస్తాను.