వయ్యారిభామ - వేరుసెనగకు చేటు

తెల్లని చిఱుపూల వయ్యారిభామను ఎఱుగని రైతు లేడు. కొందఱు దీనిని కాంగ్రెసు గడ్డి యందురు. పేరు ముద్దుగానే యున్నది! ఇది అమెరికాఖండపు మొక్క. మన దేశమున 1955 ప్రాంతమున పుణెలో కనబడెను. లేతమొక్క ఆకులు నేలకంటుకొని చక్రమువలె పఱచుకొని, క్యారెట్టు ఆకువలె సన్నగా చీలియుండును. చామంతి నారని భ్రమపడి విడువరాదు.

ఇది తగిలిన దురదలు, ఉబ్బసము కలుగుట మీరెఱిగినదే. అంతగా తెలియనిది మఱియొకటి కలదు. 2000 ఖరీఫులో అనంతపురము జిల్లా వేరుసెనగను కాండముకుళ్ళు తెగులు పాడుచేసెను. ఆ తెగులు వైరసు ఈ మొక్కలో పైకి ఏ గుర్తును చూపక దాగి, పుప్పొడితో బయలుదేరును. తామరపురుగులు వేరుసెనగ ఆకును గీకునపుడు, వానితో వచ్చిన పుప్పొడిలోని వైరసు ఆ గాయములగుండా లోనికి పోవును. చేనిలో కలుపు తీసి గట్టును మఱచుట మేము పలుచోట్ల చూచుచున్నాము. అట్టి శ్రమ సగము వృథా.

మొలచిన నెలనాళ్ళకే ఇది పూయును. వానకు నేల మెత్తబడగనే, పూతకు ముందే, చేతికి గుడ్డ చుట్టుకొని వేళ్ళతో పెఱుకుడు. పూసినదానిని ఎరువుగోతిలో వేయకుడు. విత్తనములు ఎరువుతో మరల చేను చేరును. ఒకరి గట్టు మిగిలినను పుప్పొడి పొరుగుచేలకు వచ్చును గాన, సంఘసభ్యులందఱు వేరుసెనగ విత్తుటకు ముందు ఒకే వారమున ఈ పనికి పూనుకొనవలెను.